అవ్వ గొంతున్న డబ్బా

ఆదిలాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రజితక్కకు,

నీ చెల్లె మమత ఆదిలాబాద్ నుండి రాస్తున్నది. నేను ఇక్కడ బాగున్నాను. అక్కడ నువ్వు, బావ, లక్కీ బాగున్నారని, మీ దగ్గరున్న బాపు వేళకు తింటున్నాడని అనుకుంటూ మొదలుపెడుతున్నాను. లక్కీకి ముందు పన్ను ఊడిందని ఫోన్‌లో చెప్పావు కదా, కొత్తది వచ్చేలోపు ఆ బోసి నవ్వు ఒక ఫోటో తీసి పంపు. అది పెద్దయ్యాక ఏడిపించడానికి పనికొస్తుంది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వు, నవ్వాకే చదువు. ఈ సంగతి ఫోన్‌లో చెప్పలేను అక్కా. నేను ఫోన్ చేస్తే నువ్వు ఎత్తగానే స్పీకర్ పెడతావు, బాపుకు వినపడాలని. ఆయనకు వినపడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే మీ వాడకట్టు అంతా వింటుంది. ఇదేమో బాపు వినకూడని సంగతి. అందుకే ఇంటికి కాక నువ్వు పనిచేసే కుట్టు సెంటర్ చిరునామాకు పంపుతున్నాను. అక్కడే చదువు, అన్నం తిన్నాక చదువు. కవర్లో దూదిలో చుట్టి ఒక చిన్న మెమరీ కార్డు పెట్టాను. ఉత్తరం చివరిదాకా చదవకుండా దాన్ని ఏ ఫోన్లోనూ వేయకు. వాట్సాప్‌లో పంపొచ్చు కదా అంటావు. పంపితే నువ్వు ముందు అది విని తర్వాత నా మాట వింటావు. ఈసారి నా మాట ముందు వినాలి.

ముందు నా క్షేమం సంగతి. ఇక్కడి చలి మన సిరిసిల్ల చలి కాదు. పొద్దున నల్లా కింద చెయ్యి పెడితే కాసేపు ఆ వేళ్లు నావేనా అనిపిస్తుంది. అయినా బాగానే ఉన్నాను. పత్తి మిల్లులో కాంటా దగ్గర నా పని. ట్రాక్టరు పత్తితో లోపలికి వస్తుంది, తూకం రాసుకుంటాను. ఖాళీ అయ్యి బయటికి పోతుంది, మళ్లీ రాసుకుంటాను. రైతులు నాతో తెలుగులో మాట్లాడతారు, తమలో తాము మరాఠీలో మాట్లాడుకుంటారు, కాంటా మీద అంకె చూసినప్పుడు మాత్రం ఏ భాషా మాట్లాడరు. గాలి నిండా పత్తే. జడలో పత్తి, కనురెప్పల మీద పత్తి, చాయ్‌లో పత్తి. సాయంత్రం అద్దంలో చూసుకుంటే నేనే ముసలవ్వను. మన ఇంట్లో పోగుల మధ్య పుట్టి, పోగు కాకముందు అది ఎట్లా ఉంటుందో చూడ్డానికి ఇంత దూరం వచ్చాను.

తిండికి ఫికర్ చేయకు. ఇంటి ఓనరమ్మ వారానికి రెండుసార్లు జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిట్ల పెడుతుంది. మన కారం ముందు వాళ్ల కారం చిన్నపిల్ల. నీ చేతి ఎల్లిపాయ కారం ఒక సీసా పంపు, మూత గట్టిగా బిగించు. ఒంటరిగా ఉందా అని బావ అడిగాడట. మాట్లాడటానికి మనుషులున్నారు, పోట్లాడటానికి ఎవరూ లేరు, అంతే. బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి.

నువ్వు ఫోన్ బాపు ఎడమ చెవి దగ్గర పెట్టిన ప్రతిసారీ ఆయన అడిగే మాట ఒక్కటే. "అచ్చిందా బిడ్డా?" నేను ఇక్కడి నుంచి అరుస్తాను. "అస్తున్నది బాపూ! జర పనున్నది, అస్తది!" ఆరు వారాల నుంచి ఇదే అరుపు. ఇందులో చివరి రెండు వారాలు నేను అబద్ధం అరిచాను. మనల్ని కన్న అవ్వ గొంతు ఇక రాదు అక్కా.

ఇది రాసి పెన్ను పక్కన పెట్టి బయటికి వెళ్లి వచ్చాను. మళ్లీ కూర్చున్నాను. నీకు ఇందులో సగమే తెలుసు కనుక మొదటి నుంచీ చెబుతాను.

నేను కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివిన మూడేళ్లూ నా ఫోన్ ప్రతి కాల్‌నూ తనంతట తానే రికార్డు చేసేది. నేను పెట్టింది కాదు, కొన్ననాటి నుంచే అట్లా ఉంది. ఫోన్ నిండిపోయిందని ఒకరోజు అవన్నీ ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కించి ఫోన్లోంచి తుడిచేశాను. చెత్త ఊడ్చినట్టే ఊడ్చాను. నా డిగ్రీ అయిన నాలుగేళ్లకు అవ్వ రెండు రోజుల జ్వరంతో పోయాక గుర్తొచ్చింది, మూడేళ్ల అవ్వ ఆ డబ్బాలో ఉందని. ఒకసారి తెరిచాను. ఫోన్ ఎత్తగానే 'హలో' అనే ముందు అవ్వ ఒక దగ్గు దగ్గేది, తను బీడీలు చుట్టే ఆకు దుమ్ముకు. ఆ దగ్గు వినపడింది. మూసేశాను. మళ్లీ తెరిచే ధైర్యం చేయలేదు. రెండో కాపీ పెట్టుకోవాలని కాలేజీలో మొదటి ఏడే చెప్పారు. పరీక్షలో అది రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇంట్లో పెట్టుకోలేదు.

ఎండాకాలంలో కరెంటు ఎక్కువై కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె మాడిపోయింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. బాపును నువ్వు చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి వచ్చాక కదా అందరం ఉలిక్కిపడ్డాం. కుడిది పోయింది, ఎడమది పోతున్నది అన్నాడు డాక్టర్. ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో నిలబడ్డ చెవులు మరి. నేను ఆదిలాబాద్ బయల్దేరే రోజు బస్టాండులో బాపు అన్న మాట నువ్వు వినలేదు. నువ్వు లక్కీకి నీళ్ల సీసా కొంటున్నావు.

"చెవులు పోతె పోనియ్యె. మోతనే కద పొయ్యేది. పొయ్యేలోపల మీ అవ్వ మాట ఒక్కసారి వినిపియ్యి."

అందుకే ఆ డబ్బాను నాతో తెచ్చుకున్నాను. "బట్టలు తక్కువ, సామాను ఎక్కువ" అని నువ్వు తిట్టావు. కరీంనగర్‌లో బస్సు మారేటప్పుడు మెట్టుకు తగిలి ఒక మూల సొట్టపోయింది. తర్వాత దారంతా నా కాళ్ల మధ్య పెట్టుకున్నాను. బస్సు ఎగిరిన చోటల్లా అదీ ఎగిరింది.

ఇక్కడ పాత సామాన్ల దుకాణంలో ఒక వాడిన డబ్బా, దానితో కరెంటు పెట్టె కొన్నాను. పాత దాంట్లోంచి అన్నీ విప్పి కొత్త దాంట్లో బిగించాలి. నా గదిలో కరెంటుకు నమ్మకం లేదు. ఆదివారం మిల్లు బందు ఉంటుంది కదా, కాంటా గదిలో బల్ల మీద పెట్టుకుని చేశాను. తోడు విఠల్ కాకా. ఆయన ఈ మిల్లులో పత్తి గింజ తీసే జిన్ను మిషన్ల ఫిట్టరు, అరవై దాటాయి, ఆదివారం కూడా ఇంటికి పోడు. కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు, తెలియదని ఒప్పుకోడు.

మగ్గం ఆగితే బాపు ఏం చేసేవాడో మనిద్దరం చూశాం కదా. తిట్టడు, కొట్టడు. మొదలు పోగు చూస్తాడు, తర్వాత అటూ ఇటూ ఉరికే నాడె, తర్వాత పట్టా, ఆఖరుకు మోటారు. "ఒక్కసారి ఒక్కటే ముట్టుకోవాలె. రెండు ముట్టుకుంటె ఏది బాగైందో ఎర్క గాదు" అనేవాడు. నా బీకాం కంప్యూటర్స్ మొత్తంలో నాకు పనికొచ్చిన పాఠం ఇదే, అదీ కాలేజీలో చెప్పింది కాదు.

మొదటి ఆదివారం అన్నీ బిగించి బటన్ నొక్కాను. ఫ్యాను పావు చుట్టు తిరిగి ఆగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ పావు చుట్టు. కాకా చూసి అన్నాడు, "కాయ్ ఝాలా బేటీ? తుమ్ము వచ్చి ఆగినట్టు చేస్తుంది." ఏమైందో తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. ప్రాసెసర్ పక్కన విడిగా నాలుగు వైర్ల చిన్న ప్లగ్గు ఒకటుంటుంది. పెద్ద ప్లగ్గు పెట్టి సంబరపడి ఆ చిన్నది మరిచిపోయాను. అది పెట్టగానే ఫ్యాను ఆగకుండా తిరిగింది. కాకా తన గొప్పే అన్నట్టు నాకు చాయ్ తాగించాడు.

రెండో ఆదివారం ఫ్యాను తిరుగుతుంది, తెర నల్లగా ఉంది, లోపలి నుంచి పీప్ పీప్ అని ఒకటే అరుపు. అది ర్యామ్ అరుపు అని నాకు తెలుసు. తీసి దాని బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, క్లిక్ మనేదాకా నొక్కి పెట్టాను. తెర వెలిగింది. వెలిగి, పది నిమిషాలకు ఆరిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ పది నిమిషాలే. ఈసారి నిజంగానే కాకా పట్టుకున్నాడు. ముక్కు లోపలికి పెట్టి చూసి, "బేటీ, పత్తి తిన్నది గీ మిషన్. మా జిన్ను మోటారు కూడ గిట్లనే. గాలి ఆడకపోతె గరమైతది, గరమైతె పండుకుంటది" అన్నాడు. చూద్దును కదా, ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కల మధ్య మిల్లు పత్తి వత్తిలా కూరుకుపోయి ఉంది. తీశాను. కింద వేడి లాగే తెల్ల పేస్టు ఎండిపోయి రాలుతుంటే అదీ కొత్తగా రాశాను. తర్వాత ఆరిపోలేదు.

"గీ డబ్బల దయ్యం ఉన్నదా ఏంది? ఆదివారం ఆదివారం పూజ జేస్తున్నవ్" అన్నాడు కాకా.

"దయ్యం కాదు కాకా, మా అవ్వ ఉన్నది" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను, నవ్వు రాలేదు. కాకా ఆ రోజు మళ్లీ వేళాకోళం ఆడలేదు.

మూడో ఆదివారం తెర ఉంది, వేడి లేదు, అరుపు లేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో ఒక్క వాక్యం, డిస్కు కనపడటం లేదని. అవ్వ ఉన్నది డిస్కులోనే. వైరు మార్చాను, లేదు. వైరు పెట్టే చోటు మార్చాను, లేదు. ఒక్కసారి ఒక్కటే ముట్టుకుంటూ మధ్యాహ్నం అయ్యింది. ఇక మిగిలింది డిస్కు ఒక్కటే. విప్పి చేతిలోకి తీసుకుని, ఇన్ని రోజుల్లో మొదటిసారి వెనక్కి తిప్పాను.

కాకా నా చేతిలోంచి తీసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వెలుగులో పట్టి చూశాడు.

"గిది ఎవల పూజ బేటీ?"

డిస్కు అడుగున పచ్చని పలక ఉంటుంది, సన్నని గీతలతో, చిన్న చిన్న బిందువులతో. దాని నడిమధ్యన మూడు పసుపు గీతలు, మీద కుంకుమ బొట్టు. పసుపు తడి ఆ బిందువుల మీదికి పారి, ఎండి, కింద రాగి ఆకుపచ్చగా చిలుము పట్టింది. మూడు గీతలూ సమానం. మగ్గానికి బొట్టు పెట్టినా, నాడెకు పెట్టినా, కత్తెరకు పెట్టినా బాపు అట్లాగే పెడతాడు. నీకు చెప్పాలా.

పోయిన దసరా గుర్తుందా? నువ్వు అత్తగారింట్లో ఉన్నావు. ఆయుధాల పూజకు బాపు మగ్గం కడిగాడు, నేను కంప్యూటర్ మూత తీసి దుమ్ము దులిపాను. డిస్కు కూడా విప్పి బట్ట మీద పెట్టాను. బాపు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"గిండ్ల మీ అవ్వ గొంతు ఏడుంటదే?"

డిస్కు చూపించాను. "గీ డబ్బలనా? గింత డబ్బలనా?" అన్నాడు. కాసేపు దాన్నే చూశాడు. "వినిపియ్యమంటవా బాపూ?" అని అడిగాను. "ఇప్పుడద్దు బిడ్డా. ఏడుపు ఇప్పుడిప్పుడే జర తగ్గింది. ఉండనియ్యి, ఏడికి పోతది?" అన్నాడు.

నేను తానానికి పోయి వచ్చేసరికి డిస్కుకు బొట్టు పెట్టి ఉంది. మగ్గానికి పెట్టినదానికంటే పెద్దది. డిస్కు పైన ఒక సన్నని రంధ్రం ఉంటుంది, దాన్ని మూయొద్దని పక్కనే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. సరిగ్గా దాని మీదే పసుపు. నేను చదివాను అక్కా. చదివి కూడా తుడవలేదు. తుడిస్తే బాపు చెయ్యి తుడిచినట్టు అనిపించింది. అడుగున కూడా పెట్టి ఉంటాడని తోచలేదు, తిప్పి చూడలేదు. నా చేతులతోనే బిగించాను. మగ్గానికి ముందూ వెనకా బొట్టు పెట్టే మనిషి దీనికి మాత్రం ఒకవైపే ఎందుకు పెడతాడు?

కాకా మిల్లులోంచి స్పిరిట్ సీసా, సన్నని కుంచె తెచ్చి ఇచ్చాడు. ఆ పూటంతా ఆ పలకను బిందువు బిందువుగా తుడిచాను. కుంకుమ తుడవటానికి చెయ్యి రాలేదు. కాకా కుంచె తీసుకుని తనే తుడిచాడు. "మంచి మనసుతోని పెట్టిండు బేటీ, మంచి మనసుతోనే తీస్తున్నం" అన్నాడు.

బిగించి బటన్ నొక్కాను. డిస్కు కనపడింది.

అరిచాను. కాకా ఉలిక్కిపడి చాయ్ ఒలకబోసుకున్నాడు. పేర్లన్నీ వరుసగా వచ్చాయి, ఒక్కొక్కటీ ఒక తారీఖు. మొదటిది హాస్టల్లో చేరిన వారం, చివరిది ఆఖరి పరీక్షకు ముందు రోజు. లోపల మాత్రం సన్నగా టిక్కు టిక్కు అనే చప్పుడు ఉంది. ఆ చప్పుడు మంచిది కాదని నాకు తెలుసు. అప్పుడు నేను చేయాల్సింది ఏమిటి? ఒక్కటి ఎంచుకోవాలి. చివరి ఏడు లోంచి, అవ్వ నవ్విన రోజుది, లక్కీ పుట్టిన వార్త చెప్పిన రోజుది ఒక్కటి తీసుకుని భద్రం చేయాలి. తర్వాత ఇంకొకటి. ఒక్కసారి ఒక్కటే.

నేను అన్నీ కలిపి పట్టుకుని కాపీ కొట్టాను. నా సంగతి నీకు తెలుసు కదా. అన్నీ కావాలి, ఇప్పుడే కావాలి. "నీ కాళ్లకే కాదే, చేతులకు సుత చక్రాలున్నయ్" అనేది అవ్వ.

మొదటిది వచ్చింది. రెండో దాని సగంలో ఆగింది. టిక్కు టిక్కు పెద్దదయ్యి, గీకినట్టు ఒక శబ్దం వచ్చి, డిస్కు మళ్లీ కనపడకుండా పోయింది.

ఒకరోజు సెలవు పెట్టి హైదరాబాద్ పోయి వచ్చాను, ఎవరికీ చెప్పలేదు. పాడైన డిస్కుల్లోంచి తీసే చోట ఇచ్చాను. వాళ్లు విప్పి చూపించారు. లోపల అద్దం లాంటి పలక ఉంటుంది అక్కా, ముఖం చూసుకోవచ్చు. దాని మీద గుండ్రంగా ఒక గీత పడింది. "ఇక రాదమ్మా" అన్నాడు ఆయన. ఎందుకు పడిందని అడిగాను. బస్సులో తగిలిన దెబ్బ కావొచ్చు, రంధ్రం మూసుకుపోయి తడి లోపలికి పోయుండొచ్చు, పోతున్నదాన్ని ఆపకుండా నడిపినందుకూ కావొచ్చు, ఇదే అని చెప్పలేమన్నాడు. మూడు కారణాలు చెప్పాడు. రెండు నావి. బాపుకు మొదటిది ఒక్కటే చెప్పు. బస్సు మెట్టుకు కొట్టింది, చెల్లె సరిగ్గా పట్టుకోలేదు అని చెప్పు. బొట్టు మాట నీ నోటి వెంట రావొద్దు. బావకు కూడా చెప్పకు. బావ మంచివాడే, కానీ నవ్వు తెప్పించే మాటలు దాచుకోలేడు. ఇది విన్నవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు చెవులు సగం పోయిన మనిషికి కూడా వినపడుతుంది.

ఇప్పుడు ఆ వచ్చిన ఒక్కటి.

అది నాలుగు నిమిషాలది. హాస్టల్లో చేరిన మొదటి వారం చేసిన కాల్. అప్పుడు నేను బాపు మీద కోపంగా ఉన్నాను. హైదరాబాద్ పోతానంటే కరీంనగర్ దాటొద్దన్నాడని. నెలలపాటు ఆయనతో మాట్లాడలేదు కదా. ఆ నాలుగు నిమిషాలూ నా గొంతే అక్కా. నీళ్లు బాగాలేవు, అన్నం ముద్ద, పక్క మంచం పిల్ల గురక పెడుతుంది, బాపుకు నా చదువంటే లెక్కలేదు, మగ్గమంటేనే ప్రాణం. ఒక్క క్షణం ఊపిరి తీసుకోకుండా తిట్టాను. అవ్వ ఊఁ అంటుంది. మళ్లీ ఊఁ. నేను గుక్క తిప్పుకున్న చోటల్లా ఒక ఊఁ. వెనక మన మగ్గం దడదడ. మూడేళ్ల అవ్వలోంచి మనకు మిగిలింది మొదట ఒక దగ్గు, తర్వాత ఊఁ అనడం, ఆఖరున రెండు మూడు మాటలు. అవి రాస్తాను.

మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగుతుంది. ఇల్లంతా నిశ్శబ్దం అవుతుంది. అప్పుడు అవ్వ గొంతు ఎంత దగ్గరగా ఉంటుందంటే నేను చెవిలో పెట్టుకున్న వైరు తీసి చూశాను.

"ఆగు బిడ్డా. మగ్గం బందైంది. మీ బాపు నీతోని మాట్లాడుదామని అస్తుండు, ఒక్క మాట మాట్లాడు."

"నేను మాట్లాడ. సిగ్నల్ పొయిందని చెప్పు."

తర్వాత టక్కున ఆగిపోతుంది. నేనే పెట్టేశాను.

బాపు ఇప్పటికీ నమ్ముతాడు, కరీంనగర్‌లో సిగ్నల్ ఉండదని. అప్పట్లో ఎన్నిసార్లు ఆ టవర్‌ను తిట్టాడో నీకు నాకంటే ఎక్కువ తెలుసు. "నేను అచ్చేవరకే పోతదేందే గీ సిగ్నల్?" అంటే అవ్వ "ఏమోనయ్యా" అనేదని నువ్వే చెప్పావు ఒకసారి, నవ్వుతూ. ప్రతిసారీ ఆయన మగ్గం ఆపి వచ్చాడన్నమాట. ఆపితే ఎంత బట్ట ఆగుతుందో తెలిసిన మనిషి. ఆ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. ఆ రోజుల్లో నాకు వెనక మగ్గం మోత వినపడేది కానీ ఆగడం ఎప్పుడూ వినపడలేదు.

రెండు వారాలు ఇది పంపాలా వద్దా అని కొట్టుకున్నాను. చివరి మాటలు కత్తిరించి, ఊఁలు మాత్రం ఉంచి పంపొచ్చు. అది నాకు వచ్చిన పనే, రెండు నిమిషాలు పట్టదు. కూర్చున్నాను కూడా. కత్తిరిస్తే అవ్వ ఆ కాల్‌లో అన్న ఒకే ఒక్క పూర్తి మాట పోతుంది. అది బాపు గురించి అన్న మాట. ఆయన అడిగింది అవ్వ మాట. నా పరువు కోసం దాన్ని తీసేసే హక్కు నాకు లేదు.

అందుకని అక్కా, మొత్తం వినిపించు. కార్డు బాపు బటన్ల ఫోన్లో పడుతుంది, అట్లాంటిదే ఒక ఫోన్లో వేసి చూశాను. చెవిలో పెట్టుకునే వైరు ఎడమ చెవికి పెట్టు, శబ్దం పూర్తిగా పెంచు. మగ్గాలు ఆగే వేళ చూసి, మీ ఇంట్లో వెనక గదిలో కూర్చోబెట్టు. లక్కీని బావతో బయటికి పంపు. ముందే చెప్పు, ఒక్కటే దొరికింది, అందులో చెల్లె మాటలే ఎక్కువ అని. "అవ్వ ఊఁ అంటది, జర ఓపిక పట్టు బాపూ, ఆఖరుకు మాట్లాడుతది" అని చెప్పు. మధ్యలో ఆయన ఏమైనా అడిగితే ఆపకు, పూర్తయ్యాక మళ్లీ మొదటి నుంచి పెట్టు. అయిపోయాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టనివ్వు. నా వైపు మాట్లాడకు, చిన్నపిల్ల అప్పుడు అనకు. ఎప్పుడు వినిపించేదీ నాకు ముందే చెప్పకు. చెబితే ఆ పూట నేను కాంటా అంకెలు తప్పుగా రాస్తాను.

నేను బాగానే ఉన్నాను. రాస్తూ ఏడ్చాను, ఇక్కడ ఒకచోట సిరా అలుక్కుంది, అది చాయ్ అనుకో. రేపు ట్రాక్టర్లు పొద్దున్నే వస్తాయి. ఇప్పుడు ఆ కంప్యూటర్ మంచిగా నడుస్తుంది అక్కా, కొత్త డిస్కు పెట్టాను, ఒక్క అరుపు లేదు, వేడి లేదు. ఖాళీగా నడుస్తుంది. కాకా రోజూ ఒకసారి దాని ఫ్యాను మీద పత్తి ఊదిపోతున్నాడు.

బాపు చెవి డాక్టర్ రాసిన చీటీ ఫోటో తీసి పంపు, ఇక్కడ ఒక డాక్టర్ ఉన్నారట, అడుగుతాను. పాత గోధుమ రంగు స్వెట్టర్ నీ దగ్గర ఉంటే కారం సీసాతో కలిపి ఎవరైనా ఇటు వస్తుంటే ఇయ్యి. నువ్వు పనిలో మెడ వంచి మరీ కూర్చోకు, నొప్పి అంటున్నావు.

బావకు నమస్కారాలు చెప్పు. మీ అత్తమ్మకు, మామయ్యకు నా దండాలు. లక్కీకి ముద్దులు, ఆ బోసి చోట ఒకటి ఎక్కువ. నీ ఆశీర్వాదం అడుగుతున్నాను, అది నువ్వు లేదనవు. బాపు ఆశీర్వాదం మాత్రం ఈసారి అడగడం లేదు. అది విన్నాక కూడా ఆయన ఇస్తానంటే, ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు. ఎంత గట్టిగానైనా మాట్లాడతాను.

ఇట్లు
నీ చెల్లె
మమత